మంచి బియ్యం కోసం ఆరంగ్ దాకా

అతిథి కోరిన ఆహారం వల్ల పేరు వచ్చినదని చెప్పుకొనే ఊరు ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. రాయపూర్‌కు తూర్పున సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, మహానదికి పడమటి ఒడ్డున ఉన్న ఆరంగ్ అది. పూర్వం మోరధ్వజుడనే రాజు ఇక్కడ రాజ్యం చేసేవాడట. శ్రీకృష్ణుడు బ్రాహ్మణ వేషంలో ఒక సింహాన్ని వెంటబెట్టుకొని వచ్చి, దానికి రాజకుమారుని శరీరమే ఆహారంగా కావాలన్నాడు. రాజు, రాణి చెరొక వైపు రంపం పట్టుకొని కన్నకొడుకును కోయడానికి సిద్ధపడ్డారు. రంపాన్ని అక్కడివారు ‘ఆరా’ అంటారు, శరీరం ‘అంగ్’. ఈ రెండూ కలిసి ఆరంగ్ అయినదని స్థలపురాణం.

తెలుగువారికి ఈ కథ బొత్తిగా కొత్త కాదు. జైమిని చెప్పిన అశ్వమేధ కథలో మయూరధ్వజుడు వస్తాడు. అక్కడ రంపం కింద కూర్చున్నవాడు రాజే. అతిథి కోసం కొడుకును వండిపెట్టిన చిరుతొండనంబి కథ మన ఇళ్ళలో నేటికీ చెప్పుకొనేదే. పేరు పుట్టుక సంగతి పండితులు తేల్చుకోవచ్చు గాని, వచ్చినవాడికి లేదనకుండా పెట్టడం గొప్ప ధర్మమని ఈ ప్రాంతంవారు భావించారన్నది మాత్రం స్పష్టం. ఇంత గొప్ప ఆతిథ్యం గల ఊరికి ఈనాటి భోజనప్రియుడు వెళితే అతనికి ఏమి దొరుకుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఆరంగ్‌లోనే మొదలుపెడితే అర్థం కాదు. రాయపూర్‌లో మొదలుపెట్టాలి.

మంచి భోజనం కోసం ఊళ్ళు తిరిగేవారు సాధారణంగా పెద్ద నగరాలనే నమ్ముకుంటారు. హైదరాబాదులో బిరియానీ, కలకత్తాలో చేపల పులుసు, ఇండోర్‌లో రాత్రివేళ సరాఫా బజారు — ఈ పట్టిక ప్రతివారి నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. రాయపూర్ పేరు అందులో అరుదుగా వినబడుతుంది. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రానికి రాజధాని అయి, 2011 నాటికే పది లక్షల జనాభా దాటిన నగరమిది. పెద్ద హోటళ్ళకు కొదవ లేదు. వాటిలో పంజాబీ పనీరు, చైనా నూడుల్సు, మద్రాసు దోసె అన్నీ దొరుకుతాయి. ఛత్తీస్‌గఢ్ వంట మాత్రం అపురూపం. ఇది రాయపూర్ ఒక్కదానికే ఉన్న జబ్బు కాదు. కొత్తగా పెరిగే నగరాలన్నీ ముందుగా పొరుగువారి వంటలతోనే తమ గొప్పను చాటుకుంటాయి.

అయితే వెతికేవానికి నిరాశ తప్పదని కాదు. మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం రాయపూర్‌లో 1875 నుంచి ఉన్నది. దాని ఆవరణలోనే 2016లో ‘గఢ్ కలేవా’ అనే ఫలహారశాల వెలిసింది. అక్కడ వండేది, వడ్డించేది స్త్రీలు; వండేవి పల్లెటూరి వంటలు. తెలుగు యాత్రికుడు అక్కడ కూర్చుంటే కొద్దిసేపటికే ఒక విచిత్రమైన అనుభూతికి లోనవుతాడు. పేర్లన్నీ కొత్తవి, రుచులన్నీ పాతవి!

‘చీలా’ అంటే బియ్యపు పిండితో పోసిన పలుచని అట్టు. టమాటా, పచ్చిమిరపకాయ నూరిన పచ్చడితో తింటారు. ‘ఫరా’ అంటే బియ్యపు పిండిని అన్నంతో కలిపి వేళ్ళంత పొడుగున చేసి, ఆవిరి మీద ఉడికించి, నువ్వులతో తిరగమోత పెట్టినది. నూనె తక్కువ, కడుపుకు చలువ. ‘చౌసేలా’ బియ్యపు పిండి పూరీ. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించినది ‘బఫౌరీ’. మినప్పిండిని చేమాకులకు పట్టించి, చుట్టలు చుట్టి, ఉడికించి, ముక్కలు కోసి మజ్జిగ పులుసులో వేస్తే అది ‘ఇడ్హర్’. ఒకసారి తిన్నవారు రెండవసారి పేరు గుర్తుంచుకొని అడుగుతారు. ‘అంగాకర్’ అనే మందపు రొట్టెను ఆకుల మధ్య పెట్టి నిప్పుల మీద కాలుస్తారు.

ఇక తీపి పదార్థాల వంతు. పళ్ళెంలో ‘అయిర్సా’ను పెట్టగానే తెలుగువాడు గుర్తుపడతాడు. నానబెట్టిన బియ్యాన్ని దంచి, బెల్లపు పాకంలో కలిపి, నూనెలో కాల్చిన మన అరిసె అది. పేరు కూడా అన్నదమ్ముల పోలికే. కూరల దగ్గరకు వస్తే ‘అమారీ భాజీ’ ఎర్రకాడల గోంగూర తప్ప మరొకటి కాదు. ‘రఖియా బరీ’ బూడిద గుమ్మడికాయ వడియం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున ఉల్లిపాయతో, పచ్చిమిరపకాయతో తినే ‘బాసీ’ మన చద్దన్నమే. అప్పుడే వండిన అన్నాన్ని చల్లార్చి నీళ్ళలో వేస్తే దానిని ‘బోరే’ అంటారు. పొలం పనివాళ్ళ ఈ తిండికి 2022లో రాజయోగం పట్టింది. ఆ ఏడాది మే 1న, కార్మిక దినోత్సవాన, అందరూ బోరే బాసీ తినాలని రాష్ట్ర ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. అధికారులు సైతం కంచాలు ముందు పెట్టుకొని ఫోటోలు తీయించుకున్నారు. ఫోటోల మాట ఎలా ఉన్నా, ఎండలు మండే వేసవిలో బాసీని మించిన భోజనం ఆ మైదానంలో లేదు.

ఆకుకూరల విషయంలో ఛత్తీస్‌గఢ్‌వారిది మరీ ప్రత్యేకమైన అభిరుచి. తమ రాష్ట్రంలో ముప్పై ఆరు కోటలు ఉన్నట్లే ముప్పై ఆరు భాజీలు ఉన్నవని వారు సరదాగా చెప్పుకుంటారు. లెక్క సరిగ్గా ముప్పై ఆరు కాకపోవచ్చు. ఎర్ర తోటకూర, మునగాకు, శనగాకు, కుసుమ ఆకు, చెరువుల్లో పెరిగే తూటికూర, వానలు పడగానే దారిపక్కన మొలిచే తగిరిస ఆకు — వీటిలో సగం మన పొలాల గట్ల మీద కూడా ఉన్నవే. మనం కొన్నింటిని వదిలేశాం, వారు వదలలేదు. పాత నగరంలో గోల్ బజారు చుట్టుపక్కల, కూరగాయల అంగళ్ళలో, నేల మీద గోనె పరచుకొని కూర్చున్న పల్లె స్త్రీల దగ్గర ఈ ఆకులు కట్టలుగా దొరుకుతాయి. ఉదయం పది గంటలు దాటితే మంచివి అయిపోతాయి. వడియాలు, ఎండబెట్టిన కూరలు, అడవి నుంచి వచ్చే సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు కూడా ఆ నగరం అంగళ్ళలో కొనదగినవే.

ఇంతవరకు బాగానే ఉన్నది. చిక్కు వచ్చేది అన్నం దగ్గర. పైన చెప్పిన పదార్థాల్లో చాలావాటికి ఆధారం బియ్యం. ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’, అంటే వడ్లగిన్నె అని పిలుస్తారు. అలాంటి చోట హోటల్లో కంచంలోకి వచ్చే అన్నానికి మాత్రం ఏ వాసనా ఉండదు, ఏ ప్రత్యేకతా ఉండదు. తెల్లగా, పొడిపొడిగా, దేశంలో ఎక్కడైనా దొరికే అన్నం లాగే ఉంటుంది. సన్నబియ్యం కావాలంటే అంగడివాడు ‘హెచ్.ఎం.టి.’ చూపిస్తాడు. అదీ ఇక్కడిది కాదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు 1983లో తన పొలంలో వేరుగా కనిపించిన వెన్నులను ఏరి, ఏళ్ళ తరబడి పెంచి తీసిన రకం. అప్పట్లో పేరుమోసిన చేతి గడియారం పేరే దానికి పెట్టారు. రుచిగల బియ్యమే. కాని ఛత్తీస్‌గఢ్ బియ్యం ఎక్కడ?

ఆ ప్రశ్నతో నగరం దాటక తప్పదు. వడ్లు పండే చోటుకు వెళ్ళాలి. ఆరంగ్ దారి అక్కడ మొదలవుతుంది.

తెలుగువారికి ఆ దారి ఏనాటి నుంచో తెలుసు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికి పడిన రైలుదారిని బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు తూర్పు కనుమల గుండా పొడిగించి 1931లో రాయపూర్‌కు చేర్చారు. రెండేళ్ళకు, 1933లో, విశాఖపట్నం రేవు తెరుచుకున్నది. మధ్య పరగణాల సరుకులు సముద్రాన్ని చేరడానికి వేసిన ఈ దారి మీదనే ఉత్తరాంధ్ర జనం కూలికి, కొలువుకు రాయపూర్ వైపు సాగారు. 1950లలో భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడం మొదలైన తరువాత ఆ ప్రవాహం ఇంకా పెరిగింది. రాయపూర్, భిలాయి వీధుల్లో ఇడ్లీ, సాంబారు పరాయివి కాకుండా పోవడానికి కారణం ఇదే. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు కూడా నడుస్తున్నది. అది ఆరంగ్ దగ్గర ఆగదు. మహాసముంద్ దాటి, మహానది మీది వంతెన దిగిన తరువాత ‘ఆరంగ్ మహానది’ అనే చిన్న స్టేషను కిటికీలో కనిపించి మాయమవుతుంది. అక్కడ దిగదలచినవారు ప్యాసింజరు బండిని ఆశ్రయించాలి; లేదా రాయపూర్ నుంచి బస్సు ఎక్కాలి.

బస్సు వెళ్ళేది ముంబయి, కలకత్తాలను కలిపే జాతీయ రహదారి. దారి పొడుగునా లారీల కోసం వెలసిన ధాబాలు. కిటికీకి రెండు వైపులా కనుచూపు మేర వరిచేలు; ధాబాల్లో మాత్రం తందూరీ రొట్టె! రొట్టె తినే దేశపు డ్రైవర్ల కోసం పెట్టిన దుకాణాల్లో అన్నం అడిగితే తెస్తారు గాని, అది వారి గర్వకారణం కాదు.

ఆరంగ్ చిన్న ఊరు. 2011 లెక్కల ప్రకారం జనాభా ఇరవై వేలకు లోపే. కాని వయస్సులో రాయపూర్‌కు ముత్తాత. శరభపురీయ వంశపు రాజులైన జయరాజు, సుదేవరాజుల తామ్రశాసనాలు ఇక్కడ దొరికాయి. సుమారు పదిహేను వందల ఏళ్ళ నాటి ఆ రేకుల్లో ఉన్నవి దానధర్మాల లెక్కలు. అంటే ఆనాడే ఈ నేల రాజులు దానం చేయదగినంత విలువైనదన్నమాట. ఊరి నడుమ ‘భాండ్ దేవుల్’ అనే జైన దేవాలయం ఉన్నది. పదకొండవ శతాబ్దానిదని పండితుల అంచనా. ముందున్న మండపం కాలగర్భంలో కలిసిపోగా, శిల్పాలతో నిండిన శిఖరం, గర్భగుడి మిగిలాయి. లోపల నల్లని రాతిలో చెక్కిన తీర్థంకరుల విగ్రహాలు మూడు నిలుచుని ఉంటాయి. బాఘ్ దేవుల్, మహామాయ గుడి కూడా చూడదగినవే. యాత్రికుడు వీటిని పూటలో చూడవచ్చు.

భోజనప్రియుని పని పొలాల్లో ఉన్నది. జులైలో నాట్లు, నవంబరులో కోతలు. ధమ్తరి దగ్గర రుద్రి వద్ద మహానది నుంచి బయలుదేరే కాలువలు రాయపూర్ మైదానానికి నీరు తెస్తాయి. అవి అందని చోట వానే దిక్కు. కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలిచి ఉన్న వరిపైరులో అపరాల విత్తనం చల్లుతారు. దీనిని ‘ఉతేరా’ అంటారు. కృష్ణా, గోదావరి మాగాణుల్లో మినుము చల్లే రైతుకు ఈ పద్ధతి వివరించి చెప్పనక్కరలేదు. ఇక్కడ చల్లేది ఎక్కువగా తివ్రా. మనం లంకపప్పు, కేసరిపప్పు అనేది అదే. దాని పప్పునే ప్రధానాహారంగా తింటే కాళ్ళు చచ్చుబడతాయని తెలిసి 1961లో దాని అమ్మకాన్ని నిషేధించారు. తరువాత రాయపూర్ శాస్త్రజ్ఞులు విషం తక్కువగా ఉన్న రకాలు తీశారు. తివ్రా లేత చిగుళ్ళను తుంచి వండే కూర చలికాలంలో ఈ ప్రాంతపు ఇష్టాన్నం. వేసవిలో నది ఎండినప్పుడు మహానది ఇసుకలో పుచ్చతీగెలు, ఖర్బూజా తీగెలు పాకుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆరంగ్ చుట్టుపక్కల కళ్ళాల్లో పోసిన వడ్ల రాశి దగ్గర నిలబడి ఇది ఏ ధాన్యమని అడిగితే రైతు చెప్పే జవాబు తెలుగువాణ్ణి నిర్ఘాంతపరుస్తుంది. ‘స్వర్ణ’ అంటాడు, లేదా ‘వెయ్యి పది’ అంటాడు. స్వర్ణ అంటే ఎం.టి.యు. 7029. వెయ్యి పది అంటే ఎం.టి.యు. 1010. ఆ మూడు అక్షరాలు పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు గ్రామానివి! 1925లో అక్కడ వెలసిన వరి పరిశోధన కేంద్రం వశిష్ఠ, మసూరి రకాలను కలిపి స్వర్ణను సృష్టించి 1982లో రైతులకు ఇచ్చింది. కృష్ణవేణి, ఐ.ఆర్. 64 రకాలను కలిపి తీసిన 1010 రకం 2000లో వచ్చింది. మన రైతులు దానిని ‘కాటన్ దొర సన్నాలు’ అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పేరు మీద వెలసిన ఆ వరి, ఆయన ఎన్నడూ నీరు పారించని మహానది ఒడ్డున విరగపండుతున్నది.

అంటే, ఛత్తీస్‌గఢ్ బియ్యాన్ని వెతుక్కుంటూ విశాఖ రైలెక్కి వచ్చిన భోజనప్రియునికి ఆరంగ్ పొలాల్లో ఎదురైనవి తన గోదావరి గింజలే.

స్వర్ణ దుష్టురాలు కాదు. ఎరువు తక్కువ వేసినా పండుతుంది. పొట్టి పైరు కనుక గాలికి పడిపోదు. 1896-97లోను, 1899-1900లోను మధ్య పరగణాలను కరవు కాటకాలు పట్టి పీడించాయి. 1965-66 నాటి అనావృష్టి ముసలివారికి నేటికీ గుర్తే. అలాంటి నేలలో ఎకరానికి ఒకటికి రెండింతలు పండే వరిని రైతు కళ్ళకద్దుకోవడంలో వింత లేదు. దానికి తోడు ప్రభుత్వం కొనే ధర. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023 ఖరీఫ్ నుంచి క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా వడ్లు కొనడం మొదలుపెట్టింది. ఎకరానికి 65,100 రూపాయలన్నమాట. తూకంలో సువాసనకు బరువు లేదు. ఎక్కువ పండే రకం ఉండగా, మనిషి ఎత్తు పెరిగి, తొలి గాలివానకే నేల కరచుకొనే పాత రకాన్ని విత్తమని రైతుకు చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది?

అయితే పోయిందేమిటో తెలుసుకోవడం కూడా అవసరం. స్వర్ణకు ముందు ఈ మైదానంలో సామాన్యుల వరి గుర్మటియా, సఫరి. పండుగలకు, అల్లుళ్ళకు, దేవుడి నైవేద్యానికి వేరే బియ్యం ఉండేవి: దుబ్రాజ్, విష్ణుభోగ్, బాద్‌షాభోగ్, జవాఫూల్, చిన్నౌర్, శ్యామ్‌జీర. బాస్మతిలాగా పొడుగు గింజలు కావు. పొట్టిగా, ముత్యాల్లా ఉంటాయి. కుండలో ఎసరు మరిగేవేళ ఆ వాసన వాకిలి దాకా వస్తుంది. బాలింతలకు పెట్టడానికి ‘మహారాజి’ అనే రకం, కీళ్ళ నొప్పులకు మంచిదని నమ్మి తినే ‘గఠువన్’ అనే మరొక రకం వేరుగా ఉండేవి. ‘రామ్‌లక్ష్మణ్’ అనే వరిలో ఒక పొట్టులోనే రెండేసి గింజలు. పేర్లు విన్నా కడుపు నిండే పట్టిక అది!

ఈ రకాలు పేర్లయినా మిగలడానికి ఒక పట్టుదల గల మనిషి కారణం. డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా 1959లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. విదేశాల నుంచి పొట్టి రకాలను తొందరపడి దించుకొంటే చీడలు కూడా దిగుతాయనీ, మన రైతుల చేతిలో ఉన్న వరి రకాలే చాలుననీ వాదించి, చివరకు ఆ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. 1971లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు రాయపూర్‌లో వరి పరిశోధన బాధ్యత అప్పగించింది. తక్కువ ఖర్చుతో, కొద్దిమంది సహాయకులతో ఊరూరా తిరిగి 19 వేలకు పైగా వరి విత్తనాలు సేకరించారు. కొద్ది ఏళ్ళకే ఆ సంస్థ మూతపడింది. ఆయన 1996లో కన్నుమూశారు. ఆయన సేకరించిన గింజలు మాత్రం చేతులు మారి, 1987లో రాయపూర్‌లో స్థాపించిన ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరాయి. నేడు అక్కడ ఉన్న వరి రకాలు 23 వేలకు పైబడ్డాయి. 2002లో సింజెంటా అనే బహుళజాతి కంపెనీతో విశ్వవిద్యాలయం ఈ విత్తనాల విషయమై ఒప్పందం కుదుర్చుకోబోగా రైతులు, ప్రజలు పెద్ద ఎత్తున అడ్డుతగిలారు. ఆ ఏడాది చివరకు కంపెనీ వెనక్కు తగ్గింది. బియ్యపు గింజ కోసం జనం వీధికెక్కిన రాజధానులు దేశంలో ఎన్ని ఉన్నాయి?

విత్తనం శీతల గదిలో భద్రంగా ఉండడం వేరు, కంచంలోకి రావడం వేరు. ఈ రెండింటి నడుమ దూరాన్ని తగ్గించడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. రాయపూర్ విశ్వవిద్యాలయం, భాభా అణు పరిశోధన కేంద్రం కలిసి దుబ్రాజ్ విత్తనంలో మార్పులు తెచ్చి, వాసన చెడకుండా పైరును పొట్టిది చేసి, త్వరగా కోతకు వచ్చేటట్లు చేశాయి. సర్గుజా జీరాఫూల్‌కు 2019లో, నగరీ దుబ్రాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు వస్తే ఆ పేరుతో మరొక చోట పండిన బియ్యం అమ్మడం చట్టరీత్యా కుదరదు. అంగళ్ళలో ప్రతి సంచి మీద దుబ్రాజ్ అని రాసే అలవాటు దీనితో ఒక్కసారిగా పోతుందని ఆశించడం అమాయకత్వమే. కాని అడిగే హక్కు కొనేవానికి వచ్చింది.

ఆరంగ్ నుంచి మరొక చిన్న ప్రయాణం తెలుగువారికి తప్పనిసరి. దక్షిణంగా, రాజిమ్ వెళ్ళే వైపున, మహానదికి చేరువలో చంపారన్ అనే పల్లె ఉన్నది. 1479లో లక్ష్మణభట్టు, ఇల్లమ్మ అనే తెలుగు బ్రాహ్మణ దంపతులు, దండయాత్రల భయంతో కాశీ విడిచి స్వదేశానికి నడిచి వస్తుండగా ఇక్కడి అడవిలో ఇల్లమ్మకు నెలలు నిండకుండానే ప్రసవమైనదట. ప్రాణం లేదనుకొని జమ్మిచెట్టు కింద విడిచిన శిశువు చుట్టూ మంటలు రక్షణగా నిలిచాయని కథ. ఆ శిశువే పుష్టిమార్గం స్థాపించిన వల్లభాచార్యుడు.

భోజనప్రియునికి ఈ చరిత్రతో సంబంధం లేదనుకోరాదు. దేవుణ్ణి పసిబిడ్డగా భావించి వేళవేళకు వండిపెట్టడాన్ని వల్లభాచార్యుని మతం సేవగా ఎంచింది. కుమారుడు విఠ్ఠలనాథుడు ఆ సేవను మరింత విస్తరించాడు. ఛప్పన్న భోగాలు, దీపావళి మరునాటి అన్నకూటం ఈ సంప్రదాయంలో ప్రసిద్ధమైనవి. రాజస్థాన్‌లోని నాథద్వారాలో అన్నకూటం నాడు శ్రీనాథుని ఎదుట కొండలా పోసిన అన్నాన్ని భిల్లులు వచ్చి పట్టుకుపోవడం ఆచారం. రొట్టె తినే సీమలో దేవుడి ఎదుట ఆనాటికి గౌరవం అన్నానిదే. చంపారన్‌కు నేడు వచ్చే యాత్రికుల్లో గుజరాతీలు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి లేని వారి భోజనం శుచిగా, రుచిగా ఉంటుంది. తెలుగువారు తక్కువగా వస్తారు. వచ్చేవారిలో ఆయన తెలుగువాడని అక్కడే మొదటిసారి తెలుసుకొనేవారు లేకపోలేదు.

ఇక బియ్యం కొనే సంగతి. మహానది పుట్టేది ధమ్తరి జిల్లాలోని సిహావా కొండల్లో. గుర్తింపు పొందిన దుబ్రాజ్ పండే నగరీ ఆ పరిసరాల్లోనే ఉన్నది. అంటే ఆరంగ్ దగ్గర వెడల్పుగా పారే నదిని పట్టుకొని ఎగువకు పోతే బియ్యం పుట్టింటికి చేరుకోవచ్చు. అంత దూరం పోలేనివారు నాలుగు విషయాలు చూసుకుంటే చాలు. గింజ పొట్టిగా ఉండాలి. పొడుగుగా ఉంటే అది పేరు మార్చుకున్న మరొకటి. అరచేతుల్లో గట్టిగా రుద్ది వాసన చూడాలి. సంచి తెరవగానే గుప్పున కొట్టే పరిమళాన్ని నమ్మరాదు. కొత్త బియ్యం మెత్తబడుతుంది కనుక నీరు తగ్గించాలి; ఆరు నెలలు మాగినది అన్నానికి మేలు. మరీ ఎక్కువ పాలిష్ పట్టినది తెల్లగా మెరుస్తుంది గాని వాసనలో కొంత మిల్లులోనే పోగొట్టుకుంటుంది. అన్నింటికన్న మంచి మార్గం పల్లెలో రైతును అడగడం. అమ్మడానికి స్వర్ణ, 1010 వేసే రైతుల్లో కొందరు ఇంటివాడకానికి ఒక చిన్న మడిలో వాసన బియ్యం వేసుకొంటారు. అది బజారుకు రాదు. తెలిసినవారు అడిగితే కుంచమో, అడ్డెడో కొలిచి ఇస్తారు.

ఆ బియ్యం ఎవరి ఇంట ఉన్నదో కనుక్కోవడానికి పుష్య పూర్ణిమ అనువైన రోజు. వడ్లు ఇల్లు చేరి గాదెలు నిండిన తరువాత వచ్చే ఆ పండుగను ‘ఛేర్‌ఛెరా’ అంటారు. పిల్లలు గుంపులు గుంపులుగా సంచులు పట్టుకొని, పాడుకుంటూ గడప గడపకూ వెళ్ళి వడ్లు అడుగుతారు. ఆ రోజు లేదనడం దోషం. ధనికుడు, పేద అనే తేడా లేకుండా ప్రతి ఇల్లాలూ దోసిలి నిండా పోస్తుంది. ఆరంగ్ వీధుల్లో ఆ సంచుల్లో పడేది ఇప్పుడు చాలామటుకు మారుటేరు ధాన్యమే. ఏ ఇంటి గడపలోనైనా గింజ పొట్టిగా, వాసనగా కనబడితే ఆ ఇల్లు గుర్తుపెట్టుకోవాలి.